అమ్మా, ఇక్కడా ఒక బీల ఉంది

శాన్ హోసే,
జనవరి 19

అమ్మా,

పార్సిల్ అందింది. బెల్లం ఆవకాయ నూనె కొంచెం కారింది కానీ అరిసెలు ఒక్కటీ విరగలేదు. రోజుకి ఒకటి చొప్పున దాచుకుని తింటున్నాను.

పాత ఉద్యోగం మానేసి, భూముల్ని కాపాడే సంస్థలో చేరానని పండగ నాడు ఫోన్‌లో చెబితే నువ్వు ఏడ్చావు, అప్పటినుంచి నా మనసు బాగోలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను గొంతు పెంచుతాను. అందుకే రాస్తున్నాను. జీతం తగ్గిన మాట నిజమే. అయినా ఇద్దరి సంపాదనతో ఇల్లు గడుస్తోంది, ఇన్సూరెన్సు ఉంది, మీకు పంపేది ఒక్క రూపాయి తగ్గదు. ఇప్పుడూ కంప్యూటర్ ముందు కూర్చునే పనే, భూముల మ్యాపులు చేస్తాను. పిన్ని అన్నట్టు పొలాలకి కాపలా కాయడం కాదు. కాసినా తప్పేముందమ్మా?

నాన్న మోకాలు ఎలా ఉంది? చలికి మళ్ళీ పట్టేస్తోందా? బీపీ మాత్రలు నువ్వు మానేశావని తమ్ముడు చెప్పాడు. మానకు.

ఈ ఊరికి దక్షిణాన కొయోటీ లోయ ఉంది. అటు శాంటా క్రూజ్ కొండలు, ఇటు డయాబ్లో కొండలు, మధ్యలో సన్నగా ఈ లోయ. అడవిపిల్లులు, జింకలు ఒక కొండ నుంచి ఇంకో కొండకి పోవాలంటే ఇదే దారి. ఈ నేలని ఒకప్పుడు పరిశ్రమలకని కేటాయించి ఉంచారు. 2019లో ఒక ట్రస్టు, ఒక ప్రభుత్వ సంస్థ, నగరం కలిసి ఇక్కడ 937 ఎకరాలు కొన్నాయి. 9 కోట్ల 30 లక్షల డాలర్లు! నగరం పెట్టింది 2018లో జనం ఓటేసి ఒప్పుకున్న బాండ్ల డబ్బు. నాన్నకి ఇది చదివి వినిపించు, నమ్మడు. అన్నిచోట్లా కొనక్కర్లేదని కూడా చెప్పు. రైతు భూమి రైతు దగ్గరే ఉంచి, అందులో కట్టడాలు కట్టే హక్కు ఒక్కటే కొంటారు. రేపు ఆ భూమి ఎవరు కొనుక్కున్నా ఆ షరతు దాన్ని వదలదు.

ఆ లోయలో లగూనా సెకా అని ఒక మడుగు ఉంది. ఇక్కడ వానలు చలికాలంలో పడతాయి, అప్పుడు నిండుతుంది, ఎండలకి ఆరిపోతుంది. పూర్వం సాగు కోసం కాలువలు తవ్వి నీళ్ళు తోడేశారు, ఇప్పుడు మళ్ళీ బతికించాలని చూస్తున్నారు. మొదటిసారి చూసినప్పుడు గట్టు మీదే నిలబడిపోయాను. నీళ్ళు, తుంగ, కొంగలు. అచ్చం మన సోంపేట చిత్తడి నేల, మన బీలే అమ్మా. దాన్ని కూడా కాగితాల్లో బంజరని రాసి థర్మల్ ప్లాంటుకి ఇచ్చేశారు కదా. "నీళ్ళున్న చోట బంజరేంటి" అని నాన్న కనిపించిన వాళ్ళనల్లా అడిగేవాడు.

2010 జూలై 14న సోంపేటలో, ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయని విన్నప్పుడు నేను విశాఖలో హాస్టల్లో ఉన్నాను. రాత్రిదాకా నాన్న ఇంటికి రాలేదని నువ్వు ఫోన్‌లో చెప్పావు. ఆ రోజు నేను మీ దగ్గర లేను. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను.

దీక్షా శిబిరానికి ఎన్ని రోజులు వండి పంపావు నువ్వు? గిన్నెలు నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళేదానివి. థర్మల్ ప్లాంటు వస్తే ఉద్యోగాలొస్తాయి కదా అని మామయ్య అంటే, ఆ రోజు నువ్వు ఆయనకి అన్నం వడ్డించకుండా లేచిపోయావు. అలాంటి నువ్వే ఇప్పుడు నా పని చూసి సిగ్గుపడితే నాకెలా ఉంటుంది?

కోపంతో రాయడం లేదమ్మా.

జీడితోట సంగతేంటి? తిత్లీ తుఫాను తర్వాత నాటినవి ఈ ఏడు పూతకి వచ్చాయా?

తమ్ముడితో బీల ఫోటో ఒకటి తీయించు. పొద్దున్నే, కొంగలు దిగే వేళకి తీయమను. మా ఆఫీసులో చూపిస్తానని మాటిచ్చాను.

నీ
బుజ్జి