గ్యారంటీ చేప మాకొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ టూరిజం పేజీలో తిమింగలం సొర ఫొటో వేశారు. వేల్ షార్క్ అంటారే, అది. ఒకాయన దాని వీపు మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

హనుమకొండలో నాకు మోటారు వైండింగ్ షాపుంది. పరకాల దగ్గర మా ఊరి వ్యవసాయ బావిలో నడుముకు బెండు కట్టుకొని ఈత నేర్చుకున్నాను. సముద్రాన్ని మొదటిసారి చూసింది ముప్పై దాటాకే. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి, వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని నీళ్ల లోపల ఈదే స్కూబా కోర్సు చేసింది. “నాన్నా, ఈసారి ఇద్దరం పోయి ఆ చేపను చూసొద్దాం” అంది. ఆర్నెల్లుగా ఇంట్లో అదే ముచ్చట.

ముందు ఇక్కడే ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాం. ఆ అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్ ప్యాకేజీ చూపించి, “వంద శాతం గ్యారంటీ సార్, కనిపించకపోతే డబ్బులు వాపస్” అన్నాడు. అంత కచ్చితంగా ఎట్లా చెప్తావయ్యా అంటే, “పొద్దున్నే పడవల్లోంచి చిన్న రొయ్యలు వేస్తారు సార్, టైముకు వచ్చేస్తాయి” అన్నాడు. నేను వైండింగ్‌కు ఆరు నెలలు గ్యారంటీ ఇస్తాను. అది నా చేతి పని కాబట్టి ఇస్తాను. సముద్రంలో తిరిగే ప్రాణికి గ్యారంటీ ఇస్తున్నారంటే దాన్ని ఎవరో తిండి ఆశ పెట్టి కట్టేసుకున్నట్టే కదా.

మేత వేస్తే తప్పేముంది అనేవాళ్లు ఒకసారి తాడ్వాయి రోడ్డు చూడాలి. మేడారం పోయే కార్లు ఆపి కోతులకు అరటిపళ్లు విసురుతారు. అవి అడవిలో కాయలు వెతుక్కోవడం మానేసి తారు రోడ్డు మీదే కూర్చుంటున్నాయి. పోయిన ఏడు మా కళ్లముందే ఒక తల్లి కోతి కారు కింద పడింది. పిల్ల దాని పొట్టను కరుచుకొనే ఉంది. దిగి చూస్తే ఆ కోతి చేతిలో ఇంకా సగం పండు ఉంది. బండి వస్తే తిండి వచ్చినట్టే అని దానికి నేర్పింది మనమే.

ఓస్లోబ్‌లో 2011 ప్రాంతం నుంచి మేత వేస్తున్నారు. పడవలకు, తాళ్లకు ఒరుసుకొని ఆ చేపల ఒంటి మీద పడ్డ గాట్ల గురించి పరిశోధకులు రాశారు. పడవ దగ్గర తిండి దొరుకుతుందని అలవాటైన చేప ప్రొపెల్లర్‌కు భయపడుతుందా? అదే దేశంలో డోన్సోల్ అనే ఊరుంది. అక్కడ మేత వేయరు, సిలిండర్‌తో ఈ చేప దగ్గరికి దిగనివ్వరు, నీళ్ల మీద తేలుతూ గొట్టంతో ఊపిరి తీసుకునే స్నార్కెల్‌తోనే చూడాలి. కనిపిస్తే కనిపించినట్టు, లేకపోతే లేదు.

మేము చివరికి మాల్దీవుల్లోని దక్షిణ అరి అటోల్ అనే పగడపు దీవుల గుంపుకు పోదామనుకున్నాం. అక్కడ ఇవి ఏడాది పొడవునా తిరుగుతాయి, ఆ ప్రాంతానికి 2009 నుంచి రక్షణ ఉంది. అక్కడ కూడా ఒక్క చేప కనిపిస్తే చుట్టూ పడవలు మూగుతాయట. ఆస్ట్రేలియాలోని నింగలూలో ఒక చేప దగ్గర ఒకే పడవ ఉండాలి, నీళ్లలో పది మందికి మించి దిగకూడదు. అందుకే మేము తక్కువ మందిని తీసుకెళ్లే పడవ కోసం వెతికాం. డైవింగ్ పగడపు దిబ్బల దగ్గర, సొర కోసం స్నార్కెల్ మాత్రమే. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు కాబట్టి చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలు ఖాళీ ఉండేలా టికెట్లు చూసుకున్నాం.

సొర ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం పాటించాలన్నది ఒక నియమం. తేలికే అనుకున్నాను. మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లో 3 మీటర్ల తాడు ఒక కొస మా అమ్మాయి పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. ఆమె మెల్లగా ఈదుతుంటే తాడు వదులు కాకుండా పక్కనే పోవాలి. నాలుగు బారలు వేసేసరికే ఆమె మీదికి వెళ్లిపోయాను. ఆత్రంలో కాళ్లు మన మాట వినవు. మూడు వారాలు అదే పని చేస్తే ఇప్పుడు తాడు బిగువుగా నిలుస్తోంది.

ఇదేదో పరాయి దేశపు చేప కాదు. గుజరాత్‌లో వేరావల్ వైపు పడవలకు పూసే నూనె కోసం దీని కాలేయం తీసేవారు. 2001లో మన వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో, పులి పక్కన, దీన్ని చేర్చారు. ఇప్పుడు అక్కడి జాలర్లు వలలో పడితే వల కోసి వదిలేస్తున్నారు, తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. ఆ వేరావల్ పడవల మీద మన శ్రీకాకుళం పిల్లలు ఎందరో పనిచేస్తున్నారు. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు ఒకటి కొట్టుకొస్తే మళ్లీ నీళ్లలోకి పంపించారు. బతుకుదెరువు వలను కోసుకునేవాళ్లు ఉన్న దేశంలో, సరదాకు వెళ్లిన మనం చెయ్యి వెనక్కి పెట్టుకోలేమా?

దాని వీపు మీది తెల్ల చుక్కలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. ఎడమ పక్క మొప్పల వెనక ఫ్లాష్ లేకుండా ఒక్క ఫొటో తీయగలిగితే, అది ఏ చేపో గుర్తుపట్టడానికి మాల్దీవుల్లోని పరిశోధకులకు పంపుతాం.

మీ టూరిజం పేజీలో ఇకమీదట ఇలాంటి ప్యాకేజీ గురించి రాస్తే, అక్కడ మేత వేస్తారా లేదా అన్నది తప్పకుండా ఒక్క ముక్క రాయండి. చెయ్యేసిన ఫొటోలు దయచేసి వేయకండి.

మాల్దీవుల్లో మేము మాట్లాడిన పడవ యజమానిని, “ఖాయంగా కనిపిస్తుందా?” అని అడిగాను. “చెప్పలేను, కనిపించకపోయినా డబ్బులు తిరిగి ఇవ్వను” అన్నాడు. ఆ సాయంత్రమే అడ్వాన్స్ పంపించాం.

మీ పాఠకుడు,
నయీంనగర్, హనుమకొండ