సెట్టు పాడవలేదు బుజ్జమ్మా

అనంతపురం,
దీపావళి వెళ్లిన ఆదివారం.

బుజ్జమ్మకు నాయన ఆశీస్సులు.

మొన్న రాత్రి, నువ్వు ఓటీటీకి రాసిన కండక్టరమ్మ సిరీస్ గురించి "రెండో సీజన్ లేదంట నాయనా" అని రెండు మాటలు చెప్పి ఫోన్ పెట్టేశావు. మళ్లీ చేద్దామనుకున్నా. ఫోన్లో అయితే నువ్వు "సరేలే" అని మాట దాటేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

"మేమే సరిగ్గా రాయలేదేమో" అన్నావు చూడు, ఆ మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. నాకు కథలు రాయడం తెలీదు. టీవీలు బాగుచెయ్యడం తెలుసు. ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేశా. బొమ్మ రావట్లేదని ఎవరైనా పిలిస్తే మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. లోపం సెట్టులో ఉందా, యాంటెన్నాలో ఉందా, అసలు స్టేషన్ నుంచే రావట్లేదా? ఇంట్లోవాళ్లు మాత్రం ఎప్పుడూ సెట్టునే తిట్టేవాళ్లు. ఏ తప్పూ లేని మంచి ఈసీ కంపెనీ టీవీని విప్పించి, లోపల పార్టులు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. తీరా మిద్దెక్కి చూస్తే కోతులు వైరు తెంపి ఉండేవి.

మీ అవ్వ సీరియల్ గుర్తుందా? నువ్వప్పుడు ఆరో తరగతి. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. ధర్మవరం పక్క మగ్గం నేసే ఇంటి పిల్ల కథ. తండ్రి చెయ్యి పడిపోతే తనే మగ్గంలో కూర్చుంటుంది. అవ్వ ఆ టైముకి సంగటి గిన్నె కూడా కడగకుండా వచ్చి కూర్చునేది. ఒక సోమవారం ఆ టైముకి ఏదో డాన్స్ ప్రోగ్రాం వేశారు. అవ్వ నన్ను దుకాణం నుంచి పిలిపించింది, "టీవీ చెడిపోయింది, చూడు" అని. కేబుల్ పిన్ను ఊడదీసి మళ్లీ పెట్టా. ఛానెళ్లన్నీ వరసగా తిప్పా. మూడు రోజులు అదే పని. టీవీకి ఏమీ కాలేదు, వాళ్లే ఆపేశారని నాలుగో రోజుకు అర్థమైంది. ఒక్క మాట చెప్పలేదు. కనీసం తెర మీద "సమాప్తం" అని కూడా వెయ్యలేదు.

అవ్వ చనిపోయిన ఏడాది కూడా నన్ను అడిగింది, "ఆ పిల్ల చీర పూర్తి చేసిందా నాయనా" అని. నా దగ్గర జవాబు లేదు. నువ్వే మంచం పక్కన కూర్చుని నీకు తోచిన ముగింపు చెప్పావు. అవ్వ ఒప్పుకోలేదు. "అట్ల కాదు, ఆ పిల్ల అట్ల చేసేది కాదు" అని నీతో వాదించింది. మరుసటి రాత్రి నువ్వు మార్చి చెప్పావు. ఆ వాదన నేను గడప దగ్గర నిలబడి విన్నా. ఆ ముసలామె ఆ పిల్లను అంతగా నమ్మింది. అలా నమ్మేలా రాసినవాళ్లది ఎలా తప్పవుతుంది?

ఇక లెక్కల సంగతి. ఇన్నేళ్లలో ఎన్ని వేల టీవీలు చూశానో, టీఆర్పీ మీటర్ పెట్టిన ఇల్లు నాకు ఒక్కటి కూడా తగల్లేదు. ఉన్నా చెప్పరు, ఆ ఇళ్ల పేర్లు రహస్యంగా పెడతారు. 2015 నుంచి బార్క్ అనే సంస్థ ఈ లెక్క తీస్తోంది. ఛానెల్ తన శబ్దంలో మన చెవికి వినపడని గుర్తు ఒకటి కలుపుతుంది. మీటర్ దాన్ని పట్టుకుంటుంది. టీవీ ముందు ఎవరు కూర్చున్నారో ఇంట్లోవాళ్లు బటన్ నొక్కి చెప్పాలి. దేశమంతటికీ కలిపి కొన్ని వేల ఇళ్లు. పల్లెల్లో ఏం చూస్తున్నారో లెక్కలోకి తెచ్చింది కూడా 2015లోనే. అంతకు ముందు మన రాప్తాడులో, గార్లదిన్నెలో ఒక సీరియల్ కోసం ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్నా, ఆ చూపు ఎక్కడా నమోదు కాలేదు. లెక్క అసలే వద్దని నేను అనను. ప్రకటన ఇచ్చేవాడికి ఏదో ఒక కొలత కావాలి. కానీ ఆ కొలత చూసినవాళ్ల సంఖ్య చెబుతుంది, అంతే. కథ బాగుందో లేదో చెప్పదు.

నిరుడు దసరాకు వచ్చినప్పుడు నువ్వు ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫ్లై అనే సీరియల్ చూపించావు కదా, తర్వాత దాని గురించి చదివా. 2002లో అమెరికాలో ఫాక్స్ ఛానెల్లో వచ్చింది. 14 ఎపిసోడ్లు తీశారు, ఆపేసేలోగా వేసింది 11. అందులోనూ వరస తప్పించారు. ఆ అంతరిక్ష ఓడ ఎవరిది, అందులో ఎవరెవరు ఎందుకు ఎక్కారు అని చెప్పే మొట్టమొదటి కథను అన్నిటికంటే చివర, డిసెంబరులో వేశారు! చూసేవాడికి మనుషులే పరిచయం కాకపోతే ఎలా నిలబడతాడు? వైర్లు తిరగేసి కలిపి సెట్టు పనికిరాదన్నట్టు ఉంది. తర్వాత ఆ డీవీడీలు బాగా అమ్ముడుపోయాయి, 2005లో దాని మీద సినిమా కూడా వచ్చింది. స్టార్ ట్రెక్ అనే ఇంకో అమెరికా సీరియల్‌కూ ఇలాంటిదే జరిగింది. జనం ఉత్తరాలు రాస్తే మూడో ఏడాది ఇచ్చారు. కానీ శుక్రవారం రాత్రి పది గంటలకు తోసేశారు. 79 ఎపిసోడ్లతో 1969లో ఆపేశారు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ వేస్తేనే అది ఇంత పెద్దదైంది. హిందీలో సారాభాయ్ వర్సెస్ సారాభాయ్ కూడా 2006లో ఆగిపోయాకే ఇంటింటికీ చేరింది.

వీటన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించింది జెరికో. ఎందుకో నువ్వే ఊహించగలవు, మనది చెనక్కాయల జిల్లా. అమెరికాలో అణుబాంబులు పడ్డాక ఒక చిన్న ఊరు ఎలా బతికిందో ఆ కథ. 2006లో సీబీఎస్‌లో మొదలైంది. మధ్యలో రెండు నెలలకు పైగా ఆపి మళ్లీ వేశారు. ఆ సందులో చూసేవాళ్లు చెదిరిపోయారు. 2007 మే నెలలో రద్దు చేశారు. చివరి ఎపిసోడ్లో శత్రువులు లొంగిపొమ్మంటే హీరో "నట్స్" అంటాడు. 1944లో యుద్ధంలో ఒక అమెరికా జనరల్ లొంగేది లేదని జర్మన్లకు పంపిన జవాబు అది, ఇంగ్లీషులో ఆ మాటకు గింజలనీ అర్థం. దాన్ని పట్టుకుని అభిమానులు ఏం చేశారో తెలుసా? ఛానెల్ ఆఫీసుకు చెనక్కాయలు పంపారు. మూటలు మూటలుగా, 20 టన్నులకు పైగా! మన మార్కెట్ యార్డులో ఒక్క టన్ను దించాలంటే ఎంత పనో నాకు తెలుసు, అందుకే అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. ఛానెల్ దిగొచ్చి ఇంకో 7 ఎపిసోడ్లు ఇచ్చింది. 2008లో అవి వేసి మళ్లీ ఆపేసింది. కానీ ఈసారి కథ తీసినవాళ్లు జాగ్రత్తపడ్డారు. కొనసాగితే ఒకటి, ఆగిపోతే ఒకటి, రెండు ముగింపులు తీసిపెట్టుకున్నారు. చూసినవాళ్లకు చివరంటూ ఒకటి దక్కింది. అది నాకు ఎంతో మర్యాదగా అనిపించింది.

మీ ఓటీటీలో టీఆర్పీ లేదు కదా అంటావు. అక్కడా లెక్క ఉంది. ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది చివరిదాకా చూశారు, ఎంత ఖర్చయింది. నువ్వు మెచ్చుకున్న నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మైండ్‌హంటర్ రెండు సీజన్లతో ఆగింది. పెట్టిన డబ్బుకు తగినంత మంది చూడలేదని దాని దర్శకుడే చెప్పాడు. బాగా లేదని ఎవరూ అనలేదు.

మన చేను నీకు తెలుసు. చెనక్కాయ ముప్పై రోజులకు పూత పడుతుంది, ఆ తర్వాత ఊడలు భూమిలోకి దిగుతాయి. నలభై ఐదో రోజున చెట్టు పీకి చూస్తే వేళ్లే ఉంటాయి, కాయ ఉండదు. దాన్ని చూసి పంట పోయిందని రైతు అనడు. నీ ఎనిమిది ఎపిసోడ్లు నాకు ఊడలు దిగే చేనులా కనిపించాయి.

నేను కూతురివని పొగడట్లేదు. మూడో ఎపిసోడ్ సాగింది. డిపోలో ఆ గొడవ అంతసేపు అక్కర్లేదు, మీ అమ్మ కూడా అదే అంది. కానీ కదిరి రోడ్డులో రాత్రి ఆఖరి బస్సులో కండక్టరమ్మ చిల్లర లేదని ఆ ముసలాయన్ని దించకుండా తన సంచిలోంచి టికెట్ డబ్బులు వేస్తుంది చూడు, అది ఎవరో చెబితే రాసింది కాదు. అది నువ్వు చిన్నప్పుడు నాతో బస్సులో వస్తూ చూసిందే. నాకు గుర్తుంది. అది వచ్చినప్పుడు మీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పక్కింటి ఆమె రోజూ అడుగుతోంది, కండక్టరమ్మ తమ్ముడు బతికే ఉన్నాడా అని. నేను "కనుక్కుని చెబుతా" అన్నా. ఇంకోసారి ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు, అవ్వకు చెప్పలేకపోయిన జవాబు ఒకటి చాలు.

రాప్తాడు చేనులో చెనక్కాయలు పెరికించాం. ఈ ఏడు వానలు కలిసొచ్చాయి, కాయ నిండుగా ఉంది. ఒక బస్తా ఉడకేసుకోవడానికి పక్కన పెట్టింది మీ అమ్మ. వచ్చే శనివారం బయల్దేరు. రెండో సీజన్‌కు రాసుకున్న కాగితాలన్నీ తెచ్చుకో, కొట్టేసినవి కూడా. మిద్దె మీద చాప వేస్తాం, పక్కింటి ఆమెను కూడా పిలుస్తా. తమ్ముడు ఏమయ్యాడో నువ్వే చదివి చెప్పు. మీ అమ్మ "అట్ల కాదు" అంటే మాత్రం వాదించుకోండి, నేను అడ్డం రాను.

మీ నాయన