ఫొటోలో కనిపించని వాళ్లకు మా లైన్‌మెన్ల తరఫున కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను సిరిసిల్ల సెస్‌లో, అంటే మన కరెంటు సహకార సంఘంలో, లైన్‌మెన్‌ని. మొన్నటి గాలివానకు మా సెక్షన్‌లో లైన్లు ఎట్లా పడ్డాయో, కరెంటు లేక ఎంత ఇబ్బంది అయిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీరే నాకు ఫోన్ చేసి చెప్పారు, కొందరైతే గట్టిగానే చెప్పారు. అది పోనివ్వండి, ఫ్యాన్ లేని రాత్రి ఎవరికైనా కోపం వస్తుంది. సప్లై వచ్చాక మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో మా వాళ్ల ఫొటో ఒకటి తిరిగింది. స్తంభం మీద ఇద్దరం, వెనకాల మబ్బు, కింద "రియల్ హీరోస్" అని రాసి దండం బొమ్మలు. చూసి సంతోషపడ్డాం, మా ఆవిడైతే స్టేటస్ కూడా పెట్టుకుంది. కానీ ఆ ఫొటో తీసిన తమ్ముడు మేం బాగా కనిపించాలని కింద భాగం కోసేశాడు. ఆ కోసేసిన భాగంలో తాడు పట్టుకుని మోకాళ్ల లోతు బురదలో నిలబడ్డ వాళ్లున్నారు. ఈ పోస్టు వాళ్ల కోసం. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు, ఎవరి గురించో వాళ్లకూ తెలుసు, ఊరికీ తెలుసు.

ముందు రైతుల గురించి చెప్పాలి. చెరువు కింది మళ్లలో 11 కేవీ (11 వేల వోల్టుల) లైను స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. యాసంగి కోతలు అప్పుడే అయ్యాయి, మడి ఇంకా ఆరలేదు, దాని మీద ఈ వాన. అందులోకి క్రేన్ దింపితే ఆ క్రేన్‌ను తీయడానికి ఇంకో క్రేన్ కావాలి. స్తంభాలు రోడ్డు మీద దించి, లైను దాకా ఎట్లా చేర్చాలా అని మేం చూస్తుంటే ఒకరి వెనక ఒకరు వచ్చారు. వాళ్ల పరిస్థితి ఏంటంటే, వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్లో కుప్పల మీద ఉన్నాయి, రాత్రంతా పరదాలు ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చున్నారు, కొందరి వడ్లు కళ్ల ముందే కాలువలోకి కొట్టుకుపోయాయి. నిజానికి మమ్మల్ని తిట్టినా పడేవాళ్లం. వాళ్లు మాత్రం ట్రాక్టర్లు తెచ్చి స్తంభాలను గట్టు దాకా లాగారు, అక్కడి నుంచి ట్రాక్టరు కూడా పోదని తేలాక స్తంభం కింద అడ్డంగా దుంగలు కట్టి, రెండు వైపులా భుజం పెట్టి ఎత్తారు.

8 మీటర్ల సిమెంటు స్తంభం మోయడం అంటే బలం ఒక్కటే సరిపోదు. ఒకడి అడుగు తప్పితే బరువంతా పక్కవాడి మీద పడుతుంది. ముందు ఒక పెద్దమనిషి నడుస్తూ, కాలితో బురద తొక్కి చూసి, గట్టిగా ఉన్నచోట "ఇక్కడ" అని, దిగబడే చోట "ఆగుండ్రి" అని చెప్తుంటే మిగతావాళ్లు కాళ్లు మాత్రమే చూసుకుంటూ నడిచారు. గుంత తవ్వుతుంటే గుంతలోకే నీళ్లు ఊరుతున్నాయి. స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలోకి పోవాలి, అంతకన్నా తక్కువైతే వచ్చే గాలికి మళ్లీ పడుతుంది, అందుకని ఒకరు గడ్డపారతో తవ్వడం, ఇంకొకరు బకెట్‌తో నీళ్లు తోడడం, రాళ్లు వేసి కుదించడం. ఇదంతా మేం పురమాయించింది కాదు. మేం పైన క్రాస్ ఆర్మ్, ఇన్సులేటర్లు బిగించుకునేలోపు పక్క గుంత రెడీగా ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆఫ్ చేశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకుని, మేం పనిచేసే చోటుకు రెండు వైపులా, పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా ఎర్త్ రాడ్లు తగిలించేదాకా ఎవరూ మడిలో కాలు పెట్టొద్దన్నాను, వైరును ముట్టుకునే పని మాదే అన్నాను. ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు. గట్టు మీద బీడీలు కాల్చుకుంటూ కూర్చుని, నేను చెయ్యి ఊపాకే దిగారు. ఇది చిన్న సాయమని అనుకోకండి, మాకు జనంతో వచ్చే సగం టెన్షన్ ఇక్కడే ఉంటుంది.

మిగతా సగం టెన్షన్ జనరేటర్లతో. ఇది అందరికీ తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కరెంటు పోగానే షెడ్లలో, ఫంక్షన్ హాళ్లలో జనరేటర్ వేస్తారు. జనరేటర్ కరెంటును లైనుతో కలవనీయని చేంజ్‌ఓవర్ స్విచ్ సరిగ్గా లేకపోతే ఆ కరెంటు సర్వీసు వైరులోంచి వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎటు వైపు నుంచి వచ్చిందన్న తేడా లేదు, మన ఇంటికి 11 వేల వోల్టులను తగ్గించి ఇచ్చేదే, వెనక నుంచి ఇస్తే ఆ చిన్న వోల్టేజీని పెంచి లైను మీదికి పంపిస్తుంది. సబ్‌స్టేషన్‌లో ఆఫ్ చేసిన లైను మీద మేం చెయ్యి వేసి ఉంటాం. ఎర్త్ రాడ్లు అందుకే, కానీ అంతకుముందే ఆ కరెంటు రాకుండా ఉంటే ఇంకా మంచిది కదా.

ఆ పని ఒక ఆసామి తన నెత్తిన వేసుకున్నాడు. ఆయనకు కొన్ని సాంచెలు (మరమగ్గాలు) ఉన్నాయి, సొంత షెడ్డు. సాంచెల మీద పనిచేసే వాళ్లకు మీటరు లెక్కన కూలి, సాంచె ఆగితే ఆ పూట కూలి లేనట్టే, కాబట్టి జనరేటర్ బంద్ పెట్టమని అడగడం అంత సులువైన మాట కాదు. ఆయన ముందు తనది బంద్ చేసి, తర్వాత బండి మీద షెడ్డు షెడ్డుకూ తిరిగి, చేంజ్‌ఓవర్ సరిగ్గా లేని ప్రతిచోటా ఆపించి, ఎవరెవరు ఆపారో ఒక చిట్టీ మీద రాసి నాకు తెచ్చి ఇచ్చాడు. దారం చుట్టిన అట్టముక్క చింపి రాసిన చిట్టీ అది, వానకు సగం అక్షరాలు చెరిగాయి, ఇంకా నా టూల్ బ్యాగులోనే ఉంది. "నాకేం తెల్వది అన్నా, మా షెడ్డు కరెంటుతోటి నీకేమన్న అయితే నేను మీ ఇంటికి ఏ మొహం పెట్టుకొని రావాలె" అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు చెప్తున్నాను, థాంక్స్ తమ్ముడూ.

స్తంభాలు లేచాయి, వైర్లు గుంజాం, ఇక చార్జ్ చేయడమే, అంటే లైనులోకి కరెంటు వదలడమే అనుకున్నాం. చార్జ్ చేశారు, ట్రిప్, అంటే సబ్‌స్టేషన్‌లో దానంతటదే ఆఫ్ అయింది. మళ్లీ చేశారు, మళ్లీ ట్రిప్. అప్పటికి చీకటి పడింది. పడిన లైను నిలబెట్టడం కష్టమే కానీ కంటికి కనిపిస్తుంది, కనిపించని ఫాల్ట్ పట్టుకోవడం ఇంకో రకం నరకం. లైనును మధ్యలో విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేసి సబ్‌స్టేషన్ వైపు సగం చార్జ్ చేస్తే నిలబడింది, అంటే జబ్బు అవతలి సగంలో ఉంది. అవతలి సగం అంటే తుమ్మచెట్లు, వాగు, తాటివనం.

అప్పుడు వచ్చాడు మా కాక. మా దగ్గరే లైన్‌మెన్‌గా చేసి రిటైరై పదేళ్లు దాటింది, మోకాళ్ల నొప్పులు. లుంగీ మీద, చేతిలో పాత మూడు బ్యాటరీల టార్చ్. ఎవరూ పిలవలేదు. వచ్చి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "వాన ఆగినంక గూడ ట్రిప్ అయితాంది గదా? చెట్లు గాదు బిడ్డా, పిన్ను చూడుండ్రి" అని. పిన్ను అంటే స్తంభం మీద వైరును మోసే పిన్ ఇన్సులేటర్, పిడుగు దెబ్బకు అందులో వెంట్రుకంత పగులు వస్తుంది, కింది నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, తడి పట్టిందంటే కరెంటు అందులోంచి స్తంభానికి దిగుతుంది. సరే, ఇన్ని స్తంభాల్లో ఏ పిన్ను? చీకట్లో ఒక్కొక్కటీ ఎక్కి చూడాలంటే తెల్లారుతుంది.

కాక ప్లాన్ చెప్పాడు. లైను పొడవునా, దూరంగా, గట్ల మీద మనుషుల్ని నిలబెట్టి ఒక్కసారి ట్రయల్ చార్జ్ చేయించాలి, పగిలినచోట మెరుపు వస్తుంది, చప్పుడు వస్తుంది. ఇది మాకూ తెలిసిందే, కానీ నిలబెట్టడానికి అంతమంది మనుషులేరి? పొద్దున స్తంభాలు మోసిన వాళ్లు అన్నాలు తిని మళ్లీ వచ్చారు, వాళ్ల పిల్లలు కూడా వచ్చారు. ఎవరు ఎక్కడ నిలబడాలో, స్తంభానికి ఎంత దూరంలో ఉండాలో కాక దగ్గరుండి చెప్పాడు, అందరూ ఫోన్లలో గ్రూప్ కాల్ పెట్టుకున్నారు. చార్జ్ అన్నాం. ఒక్క క్షణం. తాటివనం పక్కన నిలబడ్డ పిల్లగాడు "అన్నా! ఇక్కడ టప్పుమన్నది, నీలం రంగు వచ్చింది!" అని కాల్‌లో అరిచిన అరుపు నాకు ఫోన్లో ఒకసారి, గాలిలో ఒకసారి వినిపించింది. మళ్లీ ఎల్‌సీ తీసుకుని, ఎర్త్ వేసి, ఎక్కి చూస్తే మధ్య పిన్ను పైనుంచి కింది దాకా చీలి ఉంది. మార్చాం, చార్జ్ చేశాం, నిలబడింది.

ఆ పిల్లగాడు ఇంటర్ చదువుతున్నాడు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తే సెస్‌లో ఉద్యోగం వస్తుందా అని అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ముందు ఇంటర్ పాస్ కారా అన్నాను.

టీ తాగుతుంటే కాక ఇంకో మాట చెప్పాడు. "ఈ లైను మేం ఏసినప్పుడు గూడ స్తంభాలు ఊరోళ్లే మోసిన్రు, ఎడ్లబండ్ల మీద తెచ్చిన్రు" అని. మన సంస్థ 1970 నాటిది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టాక దేశంలో ప్రయోగంగా ఐదు చోట్ల కరెంటు సహకార సంఘాలు మొదలుపెట్టారు, గుజరాత్‌లో కొడినార్, కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా ప్రవర, యూపీలో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. అమెరికాలో రైతులు సంఘాలు కట్టి ఊళ్లకు కరెంటు తెచ్చుకున్న పద్ధతి అది. ఆ ఐదింటిలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో మనది ఒకటి, హుక్కేరి ఒకటి. మనం కరెంటు తయారు చేయం, ప్రభుత్వ కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ దగ్గర టోకున కొని పంచుతాం, కానీ ఈ స్తంభాలూ వైర్లూ సభ్యులవే. పాలకవర్గాన్ని ఎన్నుకునేది కూడా సభ్యులే. ఎన్నికలప్పుడు తప్ప మిగతా రోజుల్లో ఈ సంగతి మాక్కూడా పెద్దగా గుర్తుండదు, నిజం చెప్పాలంటే. ఆ మడిలో దుంగ కింద భుజం పెట్టిన వాళ్లలో చాలామంది తాతలు షేరు డబ్బులు కట్టిన వాళ్లే.

ఇంకా చెప్పాల్సిన వాళ్లున్నారు. మా సబ్‌స్టేషన్ ఆపరేటర్. ఒకే ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద మూడు గ్యాంగులు పనిచేస్తుంటే ఎవరి ఎల్‌సీ వాళ్లకు వేరుగా రాసి, నంబరు మా చేత తిరిగి చదివించుకుని, తీసుకున్న మనిషే పని అయిపోయిందని ఫోన్ చేసి రిటర్న్ చేస్తే తప్ప చార్జ్ చేయనని కూర్చున్నాడు. పైనుంచి ఎంతమంది ఫోన్ చేసి తొందరపెట్టినా "మూడో గ్యాంగు రిటర్న్ రాలేదు సార్" అన్న ఒక్క మాటే. మేం ఇళ్లకు చేరామంటే సగం ఆయన మొండితనం వల్లే. పక్క సెక్షన్ల నుంచి డ్యూటీ దిగి కూడా వచ్చిన అన్నలకు, మెటీరియల్ కోసం స్టోర్స్‌కు తెల్లవార్లూ తిరిగిన డ్రైవర్‌కు, కాంట్రాక్టు హెల్పర్లకు దండాలు. హెల్పర్ల గురించి ఎప్పుడూ చివర్లో ఒక ముక్క రాస్తారు, నేనూ అదే చేస్తున్నాను, కానీ గుంతల్లో ఎక్కువసేపు ఉన్నది వాళ్లే. ఇద్దరు అక్కలు గంపలో సర్వపిండి, పచ్చిపులుసు, అన్నం మోసుకుని గట్టు మీదికి తెచ్చారు. అంత రుచిగా మా ఇంట్లో కూడా తినలేదు (మా ఆవిడ ఇది చదవకపోతే బాగుండు).

మా ఆఫీసు కబుర్లు కూడా రెండు చెప్పేస్తాను, చాలామంది అడుగుతున్నారు. మా లైన్ ఇన్‌స్పెక్టర్ సార్ ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. ఉన్న సెలవులు వాడుకుని ఇంట్లో ఉందామనుకున్న మనిషి, గాలి మొదలవగానే హెల్మెట్ పెట్టుకుని వచ్చేశారు. సన్మానం సెక్షన్ ఆఫీసులోనే, ఊళ్లవాళ్లు కూడా రావచ్చు, కాక కూడా వస్తానన్నాడు. మా హెల్పర్ ఒకతని బిడ్డ పదో తరగతి పాసైంది. రిజల్ట్ వచ్చినప్పుడు ఆయన స్తంభం మీద ఉన్నాడు, ఫోన్ కింద నా జేబులో మోగుతోంది, ఎత్తి నేనే విని పైకి అరిచి చెప్పాను. "దిగినంక చెప్పు అన్నా, చేతులు వణుకుతయ్" అన్నాడు. మార్చి 4న లైన్‌మెన్ దివస్ నాడు మాకు శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతాం, అది మంచిదే. ఈసారి మాత్రం ఆ శాలువాల్లో కొన్ని చెరువు కింది మళ్ల వాళ్లకు పోవాలని ఆఫీసులో అడిగాను. చూద్దాం అన్నారు. గుర్తుచేస్తూనే ఉంటాను.

ఇంకొక్క సాయం అడగాలి. ఆ రాత్రి తొందరలో వేసిన జాయింట్లు కొన్ని మార్చాలి, లైను కింది కొమ్మలు కొట్టాలి. దానికి వచ్చే వారం పొద్దున పూట కాసేపు సప్లై ఆపుతాం, ఎప్పుడు ఎంతసేపన్నది ముందు రోజే గ్రూపుల్లో పెడతాం. సాంచెల వాళ్లు నూలు బీములు మార్చే పని ఆ టైంలో పెట్టుకుంటే కూలీలకు నష్టం తక్కువ ఉంటుంది. అలాగే చెరువు కింద కొత్తగా వేసిన స్తంభాలకు స్టే వైర్లు కట్టాం. నేల ఇంకా మెత్తగా ఉంది, స్తంభాన్ని పట్టి ఉంచేది ఆ వైరే. నిన్న వెళ్లి చూస్తే అప్పుడే ఒకదానికి బర్రెను కట్టేసి ఉన్నారు. ఎవరి బర్రెనో నాకు తెలుసు, స్తంభం మోసినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేదు. బర్రె కాకా, దండం పెడతాను, దాన్ని వేరే గుంజకు కట్టు.