చార్లెస్టన్‌లో మా అమ్మను ఆదుకున్న బుట్టల దుకాణం పెద్దావిడకు

అందరికీ నమస్కారం. రాత్రి ఇల్లు చేరాం. అమ్మ బాగానే ఉంది, పడుకుంది. మెసేజీలు పెట్టిన వాళ్లందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేదు. కానీ ఒక్క మనిషి గురించి మాత్రం ఇప్పుడే రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఇక్కడ అమెరికాలో మే చివర వచ్చే మెమోరియల్ డే సెలవులకి షార్లెట్ నుంచి చార్లెస్టన్ వెళ్లాం. తెనాలి నుంచి వచ్చిన అమ్మకు సముద్రం, ఈస్ట్ బే స్ట్రీట్‌లోని రంగురంగుల పాత ఇళ్లు చూపించాలని. శనివారం మధ్యాహ్నం మా ఆయన పిల్లల్ని తీసుకుని ఫోర్ట్ సమ్టర్ పడవ ఎక్కారు. 1861లో అంతర్యుద్ధం మొదలైన కోట, మా పెద్దాడు చూడాల్సిందేనని పట్టుబట్టాడు. నేనూ అమ్మా సిటీ మార్కెట్‌లో ఉండిపోయాం. రోహిణి కార్తె ఎండలు చూసిన మనిషే, కానీ అక్కడి ఉక్కపోత వేరు. బుట్టలు చూస్తూ చూస్తూ "కళ్లు తిరుగుతున్నాయే" అంది. అంతే, నా మీదికి ఒరిగిపోయింది.

పక్క దుకాణంలో స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్ట అల్లుకుంటున్న పెద్దావిడ చేతిలో పని అక్కడే పడేసి వచ్చేశారు. అమ్మను తన కుర్చీలో చేరేసి, కాళ్లు ఐస్ పెట్టె మీద పెట్టించి, తడిగుడ్డ మెడకు చుట్టి, అమ్మకానికి పెట్టుకున్న పెద్ద గుండ్రటి బుట్ట తీసుకుని దాంతోనే విసరడం మొదలుపెట్టారు. అమ్మకు వాంతి అయింది. చీరంతా, ఆవిడ చేతులంతా. నేను బ్యాగులో టిష్యూలు వెతుక్కుంటున్నాను, చేతులు వణుకుతున్నాయి. ఆవిడ తన ఏప్రన్ విప్పి అమ్మ మూతి తుడిచారు. తర్వాత కింద కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు తుడిచారు. అప్పటిదాకా బిగబట్టుకున్న నాకు అక్కడే ఏడుపు ఆగలేదు. మా అమ్మ పేరు కూడా తెలియని మనిషి!

అంబులెన్స్‌లో ఒక్కరినే ఎక్కనిచ్చారు. లాంగ్ వీకెండ్ శనివారం అంటే ఆ మార్కెట్‌లో ఎంత బేరం సాగే రోజో చూసినవాళ్లకు తెలుసు. ఆవిడ దుకాణం పక్కవాళ్లకు అప్పగించి, మా బ్యాగులు తీసుకుని తన కారులో వెనకే వచ్చేశారు. మా ఆయన ఫోన్ కలవడం లేదు. ఆయన వచ్చేదాకా ఆవిడే నా పక్కన కూర్చున్నారు.

సోడియం పడిపోయిందన్నారు. బీపీ మాత్రలు, ఆ చెమట, రెండూ కలిసి. సెలైన్ ఎక్కాక అమ్మ కళ్లు తెరిచి మొదట చూసింది ఆవిడ చేతులనే. ఆవిడ సగం అల్లిన బుట్ట వెంట తెచ్చుకున్నారు. గడ్డిని చుట్టగా చుట్టుకుంటూ, అరగదీసిన చెంచా కాడతో సందు చేసి, అందులోంచి తాటాకు లాంటి పాల్మెట్టో ఆకు చీలికను లాగి బిగిస్తున్నారు. ఆ విసిరిన బుట్ట ఒకప్పుడు వడ్లు చెరగడానికి వాడేవారని చెప్పారు. అమ్మకు చెబితే "మన చేటన్నమాట" అని లేవబోయింది! ఆవిడ గల్లా (Gullah) అనే జాతి వాళ్లు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ల వారసులు. ఆ మనుషుల వరి సాగు తెలివితోనే, వాళ్ల చెమటతోనే ఆ ఊరి దొరలు మేడలు కట్టారు. మేం ముచ్చటపడి చూడ్డానికి వెళ్లిన అందమంతా ఆ సొమ్మే. ఆ వంశం మనిషి మా అమ్మ పాదాలు తుడిచారు. ఈ మాట రాయడానికి కూడా నాకు గొంతు పట్టేస్తోంది.

డబ్బు ఇవ్వబోతే ఒప్పుకోలేదు. పేరు రాయొద్దన్నారు. ఒక్క మాట మాత్రం నా తరఫున చెప్తాను: ఆ మార్కెట్‌కి వెళ్తే బుట్టల దగ్గర బేరమాడకండి. పెద్ద బుట్టకు వారాలు పడుతుంది.

అమ్మ ఇక్కడికి వచ్చేటప్పుడు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ సంగతి రాయకుండా ఉండలేను. మనిషి స్పృహ లేకుండా ఉంటే హెల్ప్‌లైన్‌లో సంగీతం వినిపించి, చివరికి "ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూసుకున్నారా, బీపీ ముందునుంచే ఉందా" అని అడిగారు. డెబ్బై ఏళ్ల మనిషికి బీపీ ఉండదా? పాలసీ అమ్మేటప్పుడు అన్నీ కవర్ అవుతాయన్నారు, ఇప్పుడేమో "అక్యూట్ ఆన్‌సెట్" (ముందునుంచే ఉన్న జబ్బు ఉన్నట్టుండి ముదరడం) అని షరతులు చదువుతున్నారు. అమ్మానాన్నల్ని పిలిపించుకునే ప్రతి తెలుగింట్లో ఇదే టెన్షన్. దీని మీద గట్టిగా అడిగేవాళ్లు ఎవరూ లేరా?

మా ఆయన, డాలస్ నుంచి ఆ ఇన్సూరెన్స్ వాళ్లతో పోట్లాడుతున్న తమ్ముడు, వాళ్ల సంగతి మీకు తెలిసిందే.

అయ్యో, దణ్ణం పెట్టుకోవాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. పరుగెత్తుకెళ్లి ఐస్ తెచ్చిన గుర్రబ్బండి అబ్బాయి. దుకాణం చూసుకున్న పక్క దుకాణం ఆవిడ. ఆసుపత్రి ఫోన్‌లో అమ్మతో మన గుంటూరు యాసలోనే మాట్లాడిన దుబాసీ గారు, ఆ గొంతు వినగానే అమ్మకు సగం భయం పోయింది. రాత్రి నర్సు. గది ఖాళీ చేసే టైమ్ దాటినా ఏమీ అనని హోటల్ డెస్క్ అమ్మాయి. మౌంట్ ప్లెజెంట్ నుంచి పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి తెచ్చిన తెలుగు దంపతులు, ఎవరో చెబితే విని వచ్చారు. మీ స్టీలు క్యారేజీ మా కారులోనే వచ్చేసిందండీ, వచ్చే వారం పంపిస్తాం.