లైటు కొనే ముందు ఇది చదువు

ఒరేయ్,

నీటి మొక్కలు పెంచుతున్న నీ అక్వేరియం ట్యాంకు ఫొటో చూశా. కాడలు సన్నగా పైకి సాగిపోయి, కణుపుకీ కణుపుకీ మధ్య బోలెడు ఖాళీ, కింద ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి, నువ్వనుకున్నది కరెక్టే, లైటు చాలట్లేదు. అలాగని షాపులో అన్నిటికంటే పెద్దది పట్టుకొచ్చేయకు రా బాబూ, నేను చేసిన తెలివితక్కువ పని అదే.

ఎన్ని వాట్లుంటే అంత గొప్ప అనుకునేవాణ్ణి అప్పట్లో. వాట్ అంటే అది ఎంత కరెంటు తాగుతుందో చెప్పేది, ఎంత వెలుగిస్తుందో కాదు. గ్యాలనుకి ఇన్ని వాట్లు అనే లెక్క పాత ట్యూబులైట్లప్పటిది, ఎల్ఈడీకి పనికిరాదు. ఎల్ఈడీ అయితే ల్యూమెన్లు చూడు, ఎంత వెలుగిస్తుందో చెప్పేది అదే, లీటరు నీళ్ళకి 10 నుంచి 20 ఉంటే అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్ లాంటి తక్కువ వెలుతురు మొక్కలు హాయిగా బతికేస్తాయి, 20 నుంచి 40 మధ్యరకం, 40 దాటితే ఎర్ర ఆకుల మొక్కల జోలికెళ్ళే వాళ్ళకి. అదీ ఉజ్జాయింపే అనుకో, ల్యూమెన్ మన కంటికి ఎంత వెలుగ్గా కనిపిస్తుందో చెప్పే లెక్క కదా, మొక్కకి కావాల్సింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు, దాన్నే పార్ అంటారు. డబ్బా మీద పార్ చార్ట్ ఉంటే ఇసుక దగ్గర ఎంతుందో చూడు, నీళ్ళ పైన కాదు, లోతుకెళ్ళేకొద్దీ అది బాగా పడిపోతుంది. అడుగున 30 లోపైతే తక్కువ లైటు, 50 దాటితే ఎక్కువ కింద లెక్క. లైటు రంగు గురించి మాత్రం ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు, డబ్బా మీద 6500 కెల్విన్ దగ్గర్లో, అంటే పగటి వెలుతురు లాంటి తెలుపు, ఏదైనా పర్లేదు.

ఇంక నా కథ. ఆ పెద్ద లైటు పెట్టి రోజుకి పన్నెండు గంటలు వెలిగించా. మొదటి వారం ఆకుల అంచుల్లో చిన్న చిన్న బుడగలు, ఇంట్లో అందర్నీ పిలిచి మరీ చూపించా. తర్వాత అనూబియాస్ ఆకుల మీద ఆకుపచ్చ నాచు చుక్కలొచ్చాయి, గోరుతో గీకినా పోవు. గాజు మీద కూడా అవే, పాత కార్డు ముక్క పెట్టి వారం వారం గీకడమే పని. జరిగిందేంటంటే లైటు పెంచితే మొక్కకి ఆకలి పెరుగుద్ది, కార్బన్ డయాక్సైడూ ఎరువూ ఆ లెక్కన అందకపోతే అది ఆగిపోతుంది, మిగిలిన వెలుతురు నాచుకి పండగ. అనూబియాస్ అసలే నత్తనడక, నెలలు నెలలు అదే ఆకు ఉంటుంది, నాచు దాని మీదే కూర్చుంటుంది.

నువ్వెలాగూ ట్యాంకుకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టనంటున్నావు కాబట్టి ముందు మొక్కలేవో తేల్చుకుని తర్వాత లైటు చూడు, వెలుగు తగ్గించుకునే డిమ్మర్ ఉన్నది దొరికితే అదే తీసుకో, లేకపోతే లైటుని కాస్త పైకెత్తినా సరిపోద్ది. టైమర్ మాత్రం తప్పనిసరి, మొదట్లో ఆరు గంటలు చాలు, రెండు మూడు వారాలు చూసి ఎనిమిది దాకా వెళ్ళు. అన్నట్టు ట్యాంకుని ఆ కిటికీ పక్కనుంచి జరుపు, ఎండ తగులుతుంటే టైమర్ పెట్టీ ఏం లాభం.

ఇసుక నుంచి లైటు దాకా ఎంతెత్తుందో టేపు పెట్టి కొలిచి రాయి, ఎన్ని లీటర్లో కూడా, అప్పుడు ఏది తీసుకోవాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఉంటా రా.