నిలబడాల్సిన కుక్కకు కూర్చోవడం నేర్పి పంపారు

ఒంగోలు,
నవంబర్ 28.

మేనేజర్ గారికి,
పెంపుడు జంతువుల గ్రూమింగ్, ట్రైనింగ్ సెంటర్,
హైదరాబాద్.

విషయం: మా కార్గీకి మీరు చేసిన 30 రోజుల డాగ్ షో ప్రిపరేషన్ ప్యాకేజీలో లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

సెప్టెంబర్ 24న మా కార్గీ జాతి కుక్క బొబ్బట్టును మీ సెంటర్‌లో వదిలాం. రిజిస్ట్రేషన్ కాగితంలో వాడికి బారెడు పేరుంది గానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. ప్యాకేజీకి 28,000, రానూపోనూ పెట్ ట్యాక్సీకి 9,500 రూపాయలు కట్టాం. మాది కర్నూలు రోడ్డులో మందుల షాపు. బిల్లు లేకుండా ఏదీ తీసుకునే అలవాటు లేదు, కాబట్టి మీరిచ్చిన ప్రతి కాగితం నా దగ్గర ఉంది.

ముందు ఆ బిల్లు సంగతే చెప్తాను. అందులో 'కార్డిగన్ కార్గీ' అని రాశారు. మా వాడు పెంబ్రోక్. ఫోన్ చేసి అడిగితే మీ రిసెప్షన్ అమ్మాయి "తోక ఉంది కదా మేడం, తోక ఉంటే కార్డిగనే" అంది. పెంబ్రోక్‌లకు తోక కత్తిరించడం పాత అలవాటు. కత్తిరించకపోతే జాతి మారిపోదు. కుక్క జాతుల లక్షణాలు రాసిపెట్టే అంతర్జాతీయ సంఘం ఎఫ్‌సీఐ లెక్కలో కార్డిగన్ ప్రమాణం నంబరు 38, పెంబ్రోక్‌ది 39. రెండూ వేర్వేరు జాతులు, రింగ్‌లో పోటీలూ వేర్వేరే. ఏ జాతి కుక్కో తెలియకుండా దాన్ని షోకి ఎలా తయారు చేస్తారని నాకు ఆ రోజే అనుమానం రావాల్సింది. టైపింగ్ పొరపాటులే అని సర్దిచెప్పుకున్నాను. అది నా తప్పు.

అక్టోబర్ 24న వాడు తిరిగొచ్చాడు. బోను తలుపు తీయగానే ఎగిరి మీద పడ్డాడు. ఛాతీ కింద చెయ్యి పెడితే, తిరుపతిలో గుండు చేయించుకున్న పది రోజులకు తల ఎలా గరగరలాడుతుందో అలా తగిలింది. మెడ కింద గుబురుగా ఉండాల్సిన జుట్టు లేదు. పొట్ట కిందా మిషన్ తిప్పేశారు. ఇక వెనక్కి తిప్పి చూస్తే, తొడల మీది జుట్టును లవ్ సింబల్ ఆకారంలో కత్తిరించారు! మా పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మీ గ్రూమర్ వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది: "క్యూట్ లుక్ ఇచ్చాం మేడం, ఎక్స్‌ట్రా చార్జీ లేదు."

ఇంట్లో ముద్దుగా పెంచుకునే కార్గీకి అలా చేయించుకునేవాళ్లు ఉంటారు, కాదనను. మేము అడిగింది షో తయారీ. కార్గీకి రెండు పొరల జుట్టు. లోపల దట్టంగా ఊలు లాంటిది, పైన కాస్త బిరుసుగా, నిటారుగా, మధ్యరకం పొడవుండేది. షోకి ఆ జుట్టును ఉన్నదున్నట్టు చూపించాలి. స్నానం చేయించి, బ్లోయర్‌తో ఆరబెట్టి, రాలే ఊలంతా దువ్వి తీసి, పాదాల దగ్గర అటూ ఇటూ పొడుచుకొచ్చిన వెంట్రుకలు సరిచేస్తే చాలు. మిషన్ పెట్టే పనే లేదు. ఎందుకు తీశారని అడిగితే, ఒంగోలు ఎండలకు చల్లగా ఉంటుందని తీశామన్నారు. ఆ రెండు పొరలు చలినే కాదు, ఎండనూ ఒంటికి తగలనివ్వవు. పైపొర మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి మునుపటిలా రాదు కూడా. అయినా షో జరిగేది నవంబర్లో. నవంబర్లో ఎండలేమిటండీ?

జుట్టు కంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. అది నాకు చెన్నై వెళ్లేదాకా పూర్తిగా తెలియలేదు.

ఈ షోలలో కుక్క ఎన్ని విద్యలు చేస్తుందో చూడరు. ఆ జాతికి రాసిపెట్టిన లక్షణాలకు ఈ కుక్క ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. మా ఒంగోలు వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. మా తాతగారు గిత్తల్ని పోటీలకు తోలుకెళ్లేవారు. మూపురం, గంగడోలు, నడుము, కాళ్లు, నడక చూసేవారు. గిత్తను ఎలా నిలబెట్టాలో, జడ్జి ముందు ఎలా నడిపించాలో నాన్న చిన్నప్పుడే నేర్చుకున్నారు. అందుకే బొబ్బట్టును కొన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నాన్నే. పాత కుట్టు మిషన్ బల్ల మీద రబ్బరు మ్యాట్ పరిచి, ఎనిమిది నెలల పాటు రోజూ సాయంత్రం వాణ్ణి దాని మీద నిలబెట్టేవాళ్లం. కోడి లివర్ ఉడకబెట్టి, పెనం మీద ఆరబెట్టి, చిన్న ముక్కలు చేసేదాన్ని. వాడి చూపు ముక్క మీదే ఉండాలి, మెడ ఎత్తి ఉండాలి, వీపు సమంగా ఉండాలి, నాలుగు కాళ్లూ కదలకూడదు. నాన్న జడ్జిలా వచ్చి పళ్లు చూసి, భుజాలు తడిమి, వృషణాలు రెండూ దిగాయో లేదో చూసేవారు. కార్గీ నేల నుంచి భుజం దాకా 25 నుంచి 30 సెంటీమీటర్లే కాబట్టి రింగ్‌లో ఇదంతా టేబుల్ మీదే జరుగుతుంది. మీ దగ్గరికి వచ్చేనాటికి వాడు ఒక నిమిషం పాటు కదలకుండా నిలబడేవాడు. దాన్ని రెండు నిమిషాలు చేయమని, లీడ్ (మెడకు కట్టి పట్టుకునే తాడు) వదులుగా ఉంచి తిన్నగా, చిన్న పరుగులాంటి నడక నేర్పమని మాత్రమే మీకు అప్పగించాం. అడ్మిషన్ ఫారంలో నేనే రాశాను. నా దగ్గరున్న కాపీ చూడకుండా కూడా ఆ మాటలు చెప్పగలను: "కూర్చోవడం నేర్పవద్దు."

చెన్నై షోలో మా వంతు వచ్చింది. టేబుల్ ఎక్కించాను. జడ్జి దగ్గరికొచ్చి చెయ్యి చాపగానే బొబ్బట్టు చటుక్కున కూర్చున్నాడు. లేపి నిలబెట్టాను. జడ్జి వీపు మీద చెయ్యి వేశారు, మళ్లీ కూర్చున్నాడు. లివర్ ముక్క చూపిస్తే ఇంకా బుద్ధిగా కూర్చుని ముందుకాలు ఎత్తి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు! చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జడ్జి కూడా నవ్వి, పాపం మూడోసారి కూడా అవకాశమిచ్చారు. వాడి తప్పేం లేదు. ముక్క కనిపిస్తే కూర్చోవాలని మీరు నెల రోజులు నేర్పారు, వాడు నేర్చుకున్నాడు. నడిపించేటప్పుడు మెడకు లీడ్ కాస్త బిగిస్తే చాలు, తల దించి నేలకు అంటుకుపోతున్నాడు. మీ దగ్గర చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) వాడారా అని రెండుసార్లు మెయిల్ చేశాను. జవాబు లేదు.

నాన్న రింగ్ బయట నిలబడి అంతా చూశారు. కారెక్కాక నెల్లూరు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కావలి దగ్గర టీకి ఆగినప్పుడు, "నిలబడాల్సినోడికి కూర్చోవడం నేర్పి పంపారేందమ్మా" అన్నారు. అంతే.

బరువు గురించి కూడా చెప్పాలి. మీ దగ్గరికి పంపిన రోజు డాక్టర్ గారి కాటాలో 11.4 కిలోలు. వచ్చాక అదే కాటాలో 13.1. పెంబ్రోక్ మగకుక్కకు ప్రమాణంలో ఉన్నది 10 నుంచి 12 కిలోలు. పొడుగు నడుము, పొట్టి కాళ్ల జాతికి అదనపు బరువు వెన్ను మీద పడుతుంది. కొలత కప్పుతో సహా మేము పంపిన తిండి సంచి సగం కూడా ఖర్చు కాలేదు. మరి వాడు ఏం తిని బరువెక్కాడో మీరే చెప్పాలి.

ఇంత జరిగాక కూడా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ పోయిన వారం మీ ప్రకటనలో, కార్గీలను పెంచుకున్న ఎలిజబెత్ రాణి ఫొటో పక్కన మా బొబ్బట్టు ఫొటో కనిపించింది, కింద 'మా దగ్గర తయారైన షో కార్గీ' అని రాసుకున్నారు. ఆ ఫొటో నేను తీసింది. వెనక మా డాబా మీది తులసి కోట కనిపిస్తోంది. వాణ్ణి మీ దగ్గర వదిలేముందు, ఒంటి నిండా జుట్టున్నప్పుడు తీసి పంపిన ఫొటో అది. మీరు తయారు చేశాక ఎలా ఉన్నాడో ఆ ఫొటో వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ప్యాకేజీ డబ్బు 28,000, ట్యాక్సీ 9,500, మొత్తం 37,500 రూపాయలు 15 రోజుల్లో నా ఖాతాలో వేయాలి. షో ఎంట్రీ ఫీజు, చెన్నై ప్రయాణం ఖర్చులు నేను అడగడం లేదు. మా ఫొటో తీసేయాలి. ఆ 30 రోజులు వాడికి ఏం పెట్టారో, ఏ చైన్ వాడారో, ఏం నేర్పారో రాసి పంపాలి. ఇది డబ్బుకంటే ముఖ్యం, ఎందుకంటే మళ్లీ మొదటి నుంచి నేర్పించుకోవాల్సింది మేమే. వచ్చే సారి ఉచితంగా గ్రూమింగ్ చేస్తామని మీరు ఫోన్‌లో అన్నారు. మీ మిషన్ ఇంకోసారి మా వాడి దరిదాపులకు రానివ్వను.

గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమని ఒంగోలులోని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉంటున్న ఊళ్లోనే వేసే హక్కు ఆ చట్టం ఇచ్చింది, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. హైదరాబాద్ నుంచి వాయిదాలకు తిరగాల్సింది మీరే.

బిల్లు, అడ్మిషన్ ఫారం, డాక్టర్ గారి బరువు చీటీలు, వాట్సాప్ మెసేజ్‌లు, జుట్టు తీయకముందు తీసిన, తీశాక తీసిన ఫొటోల కాపీలు దీనితో జతచేశాను. ఒరిజినల్స్ నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
బొబ్బట్టు యజమానురాలు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.