పంపు సూది, పుట్టిన తేదీలు

ప్రియమైన పిచ్చుకా,

బట్టతల వచ్చి, ఆఫీసులో పదిమంది చేత సార్ అనిపించుకుంటున్నవాణ్ణి ఇంకా పిచ్చుక అంటున్నానని కోపగించుకోకు. నీ అసలు పేరు రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి కాగితం చింపేశాను. ఎవరికో దరఖాస్తు రాస్తున్నట్టు అనిపించింది.

ముందు వార్త చెబుతాను. మా బడి ఫుట్‌బాల్ జట్టు నా నెత్తిన పడింది. లెక్కల మాస్టారికి బంతితో పనేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. వ్యాయామోపాధ్యాయుడు బదిలీ మీద వెళ్లారు, కొత్తవారు ఇంకా రాలేదు. మీలో ఎవరైనా చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడారా అని హెడ్‌మాస్టరు అడిగితే తల ఊపడం నా మొదటి తప్పు. కెప్టెన్‌గా కూడా చేశానని గొప్పకు పోవడం రెండోది. మర్నాటికల్లా నా బల్ల మీద ఒక ఈల, రెండు బంతులు, ఆటసామాను గది తాళంచెవి, గాలి పంపు ప్రత్యక్షమయ్యాయి. పంపు ఉందిగాని దాని సూది విరిగిపోయి ఉంది.

ఆ బంతులతోనే నా చదువు మొదలైంది. రెండూ 5వ నంబరువి. పెద్దవాళ్లు ఆడేది అదే: చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. నా జట్టులో పదకొండేళ్లవాళ్లున్నారు. దాన్ని తన్నిన ప్రతిసారీ వాళ్ల మొహాలు చూడాలి, పాపం. ఆ వయసువాళ్ల కోసం 4వ నంబరు బంతి ఉంటుందనీ, అది 390 గ్రాములు దాటదనీ నాకు అప్పుడే తెలిసింది. మనం ఆడిన బంతికి నంబరు ఉండేదా అసలు? దానికున్న అతుకులు తప్ప నాకేమీ గుర్తులేదు.

మొదటి రోజు ఈల ఊది బంతి వదిలాను. ఇరవైరెండు మందీ బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు దాని చుట్టూ చేరారు. గోల్‌కీపర్లతో సహా! బంతి ఎటు పోతే గుంపు అటు. దూరం నుంచి చూస్తే మైదానంలో ఏదో పెద్ద తగాదా జరుగుతున్నట్టుంది. "ఎవరి చోట్లో వాళ్లు నిలబడండి" అని అరిస్తే అందరూ నిలబడిపోయారు. బంతి ఒక్కటే మెల్లగా దొర్లుకుంటూ గీత దాటిపోయింది.

ఆఫ్‌సైడ్ చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ద్విపద సిద్ధాంతం ఒక్క పీరియడులో చెప్పేవాణ్ణి! నల్లబల్ల మీద చుక్కలు పెట్టాను, గీతలు గీశాను. బంతి తోటి ఆటగాడి కాలు విడిచే క్షణంలో నువ్వు ఎదుటివాళ్ల సగంలో, బంతికంటే ముందు, వాళ్లలో చివరి నుంచి రెండోవాడికంటే కూడా ముందు ఉంటే ఆఫ్‌సైడ్ అన్నాను. అందరూ తల ఊపారు. చివరి వరుసలోంచి ఒక పిల్లాడు లేచి, "అక్కడ నిలబడితే తప్పేమిటి సార్? నేను ఎవరినీ తోయలేదు కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేశాను.

తమాషా ఏమిటంటే, ఈ గొడవ పుట్టిందే బళ్లలో. ఇంగ్లండులో ఒకప్పుడు ఏ బడి ఆట ఆ బడిదే, ఏ నియమాలు వాళ్లవే. ఒకచోట బంతి చేత్తో పట్టుకోవచ్చు, ఇంకోచోట పట్టుకుంటే మహాపరాధం. ఈటన్ బడి పిల్లలు బంతికి ముందు పొంచి ఉండటాన్ని దొంగపనిగా చూసేవారట, దానికి వాళ్లు పెట్టిన పేరే అలాంటిది. ఈ పిల్లలంతా పెద్దవాళ్లై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కలిసేసరికి ఆట మొదలుపెట్టడం కూడా కుదరలేదు. రగ్బీ బడి నుంచి వచ్చినవాళ్లు చేత్తో బంతి పట్టుకున్నారని ఈటన్ వాళ్లు గగ్గోలు పెట్టారు. చివరికి 1848లో పద్నాలుగు మంది సాయంత్రం నాలుగింటికి కూర్చుని, అర్ధరాత్రి కావస్తుండగా ఉమ్మడి నియమాలు తేల్చి లేచారు. 1863లో లండనులో ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నప్పుడు, కేంబ్రిడ్జిలో అదే ఏడాది తిరగరాసుకున్న నియమాలు కూడా ముందు పెట్టుకుని చర్చించారు. అప్పుడు కూడా, ఎదుటివాణ్ణి మోకాలి కింద ముందువైపు ఎముక మీద తన్నకూడదంటే మగతనం పోతుందని అలిగి ఒక క్లబ్బు వెళ్లిపోయింది.

మర్నాడు ఆ పిల్లాడికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆ రోజు మనవాళ్లు ఒక్కరైనా అక్కడ ఉండాల్సింది సార్" అన్నాడు. చింతచెట్టు కొమ్మకు తగిలిన బంతి లోపలా బయటా అని మనం రెండు వారాలు మాట్లాడుకోవడం మానేసిన సంగతి గుర్తొచ్చింది. మనకు కేంబ్రిడ్జి లేకపోయింది గాని, ఆ పద్నాలుగు మందికి మనం తీసిపోయామా?

ఇక మొదటి మ్యాచి. పక్క బడితో. ఏడు సున్నా. ఏడు మాది కాదని వేరే చెప్పాలా? మూడో గోలు తర్వాత మా గోల్‌కీపరు నా వైపు చూసి రెండు చేతులూ చాపాడు, ఏం చేయమంటారన్నట్టు. ఆ గోల్‌పోస్టుల మధ్య 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. నిలువెత్తు మనిషికే కొండంతగా కనిపిస్తుంది, వాడేమో నా భుజానికి కూడా రాడు. గీత పక్కన ఒక తండ్రి ఆటంతా "కొట్టు! కొట్టు!" అని అరుస్తూనే ఉన్నాడు, ఆయన కొడుకు కాళ్ల దగ్గరికి బంతి ఒక్కసారి కూడా రాకపోయినా. బెంచీ మీద మా వాళ్లు ముగ్గురు. ఏడో గోలు పడ్డాక కూడా వాళ్లను లోపలికి పంపలేదు నేను. ఎందుకని అడగకు. ఇంకా ఏదో కాపాడుకుంటున్నాననుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ముగ్గురిలో అందరికంటే చిన్నది నా పక్కన కూర్చుంది. అవును, ఆడపిల్ల. మా జట్టులో నలుగురున్నారు. (1921లో ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకు తగదని చెప్పి, తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వకుండా చేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. ఆ పెద్దమనుషులకు ఈ పిల్ల ఎడమకాలి దెబ్బ ఒకటి రుచి చూపించాలని ఉంది నాకు.) "సార్, నా జెర్సీ ఉతకక్కర్లేదు. మట్టి అంటలేదు" అంది. దెప్పడానికి అన్న మాట కాదది. ఇంట్లో చాకిరీ తగ్గిందని నిజంగానే చెప్పింది. బస్సు దిగేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి హాజరుపట్టీ ముందేసుకుని, నేను జట్టుకు ఎంచిన పద్నాలుగు మంది పుట్టిన తేదీలు రాసుకున్నాను. లెక్కలవాడి బుద్ధి మరి. తొమ్మిది మంది జనవరికీ ఏప్రిల్‌కీ మధ్య పుట్టినవాళ్లు. బెంచీ మీది ముగ్గురూ అక్టోబరు దాటాక పుట్టినవాళ్లు.

ఇందులో వింతేమీ లేదట. 1980లలో కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు చూసిన పరిశోధకులకు ఇదే కనిపించింది, తర్వాత ఎన్నో దేశాల ఫుట్‌బాల్‌లోనూ కనిపించింది. వయసు విభాగం జనవరి 1తో మొదలైతే, జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపు. మధ్యలో ఉన్నది ఇంచుమించు ఏడాది. పదేళ్లవాడికి ఏడాదంటే బతుకులో పదోవంతు! పొడుగ్గా, బలంగా ఉన్నవాణ్ణి చూసి ఆటగాడు అనుకుంటాం, జట్టులో వేస్తాం. వేశాం కాబట్టి ఆడతాడు, ఆడాడు కాబట్టి నేర్చుకుంటాడు. రెండేళ్ల తర్వాత చూస్తే మన ఎంపికే సరైనదనిపిస్తుంది.

నీ పుట్టినరోజు డిసెంబరు 27.

ఇద్దరు కెప్టెన్లం ఎదురెదురుగా నిలబడి వంతులవారీగా ఆటగాళ్లను కోరుకునేవాళ్లం, గుర్తుందా? గుర్తుండకపోవడమేమిటి. ప్రతిసారీ చివరికి నువ్వు మిగిలేవాడివి. ఒకరోజు నా వంతుకు వచ్చావు. నేను అవతలి కెప్టెన్‌తో, "వీణ్ణి నువ్వే తీసుకో, మొదటి కిక్ నీకే వదిలేస్తాను" అన్నాను. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నువ్వు ఆటకు రావడం మానేసి గట్టు మీద కూర్చుని గోల్స్ లెక్క రాసేవాడివి. అవతలి గోల్‌కీపరు ఎప్పుడూ కుడివైపే దూకుతాడని నాకు చెప్పింది నువ్వే. అంత ఆట చూసిన కళ్లు మాలో ఎవరికీ లేవు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కలిశాం, ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం, ఈ మాట మాత్రం ఎత్తలేదు నేను. ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న జట్టును మళ్లీ ఎంచాను. ఎక్కడో చదివిన ఒక చిట్కా వాడాను. ప్రతిభ గల పిల్లల్ని వెతికేవాళ్ల మీద ఒక పరీక్ష పెట్టారట: జెర్సీల మీద అంకెలు వయసు వరుసలో వేసి, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పారట. పెద్దవాళ్ల వైపు మొగ్గే అలవాటు దాంతో పోయిందట. నేనూ అలాగే అంకెలు వేశాను, అందరికంటే పెద్దవాడు 1, చిన్నది 24. నమ్మవు, అదే మైదానం, అదే పిల్లలు, నా కళ్లకు వేరే ఆట కనిపించింది. 3వ అంకెవాడు 22వ అంకెవాణ్ణి భుజంతో నెట్టి బంతి లాక్కుంటే, ఇదివరకు భేష్ అనేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇరవై రెండోవాడు నెట్టించుకోబోయే ముందే బంతిని ఎవరికి అందించాడో చూశాను.

రెండో మ్యాచికి ముందు అవతలి బడి మాస్టారితో ఒక ఒప్పందం చేసుకున్నాను. పిల్లల ఆటల్లో సంఘం ఒప్పుకుంటే బయటికి వచ్చిన ఆటగాణ్ణి మళ్లీ లోపలికి పంపవచ్చు, నియమాల్లోనే ఉంది. మాది స్నేహపూర్వక మ్యాచి కాబట్టి మాకు మేమే సంఘం. ఆయన మొదట తటపటాయించారు. వాళ్ల బెంచీ మీద ఐదుగురున్నారు, వాళ్ల వైపు ఒకసారి చూసి సరేనన్నారు. ప్రతి పది నిమిషాలకూ మార్చాం. ఆటేమీ అందంగా లేదు. ఎవరు లోపల ఉన్నారో ఎవరు బయట ఉన్నారో నాకే తెలియక, ఒకసారి పన్నెండు మందిని దింపాను. రిఫరీ వేళ్లు మడిచి లెక్కపెట్టి నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. లెక్కల మాస్టారట!

రెండు ఒకటితో ఓడిపోయాం. మా ఒక్క గోలూ కార్నర్ కిక్ నుంచి, అంటే మైదానం మూల నుంచి తన్నిన బంతితో వచ్చింది. పిక్కల మధ్య నుంచి ఎవరి కాలో తగిలి లోపలికి పోయింది, నలుగురు తమదేనన్నారు. నేను నలుగురి పేర్లూ రాసుకున్నాను. ఎడమకాలి పిల్ల జెర్సీ వెనక వైపంతా బురద. ఇంట్లో ఏమంటారని అడిగితే భుజాలు ఎగరేసింది.

మూడో మ్యాచి వచ్చే నెల రెండో శనివారం. నువ్వు రావాలి. మీ ఊరికీ మాకూ ఉన్న దూరం నాకు తెలుసు, సాకులు వద్దు. గట్టు మీద కూర్చుని గోల్స్ లెక్కపెట్టడానికి పిలవడం లేదు, దానికి ఒక పిల్లాడున్నాడు. అవతలి గోల్‌కీపరు ఎటు దూకుతాడో మా వాళ్లకు చూసి చెప్పేవాడు కావాలి. వచ్చేటప్పుడు పంపు సూదులు రెండు పట్టుకురా. ఒకటి చాలదు, విరగ్గొట్టడంలో మా వాళ్లు ఆరితేరారు.

నీ,
పాత కెప్టెన్